కూర్మమ్మ పదివేలు

సాలూరులో లారీల షెడ్లకి వెనకవైపు షావుకారు నగరేశ్వరరావుగారి ఆకుల గోడౌను ఉండేది. 1968 నాటి సంగతి. అప్పట్లో మా ఊళ్ళో లారీలు ఎన్ని ఉండేవంటే, హారన్లు విని విని కాకులు కావుమనడం మానేసి పాంపాంమనేవి. ఈ మాట నమ్మకపోయినా నష్టం లేదు. కూర్మమ్మ గురించి చెప్పేది మాత్రం నా కళ్ళతో చూసింది.

సీజనులో కొండల మీంచి అడ్డాకులు తలమోపులుగా దిగేవి. పేటల్లో ఆడవాళ్ళు ఆ ఆకుల్ని సన్నటి వెదురుపుల్లలతో విస్తళ్ళుగా కుట్టి, ఎండబెట్టి, గోడౌనుకి తెచ్చి ఇచ్చేవారు. అక్కడ లెక్కయి, కట్టలయి, విజయనగరం నుంచి బరంపురం దాకా పెళ్ళిళ్ళకీ సంతర్పణలకీ లారీల మీద వెళ్ళేవి. ఆ లెక్కపెట్టే పని కూర్మమ్మది. గుమ్మం పక్కన మోకాలెత్తున ఒక మద్ది పలక ఉండేది. దాన్ని లెక్కబల్ల అనేవారు. పొద్దున్న ఎనిమిదింటికి ఆ బల్ల మీద బాసీపట్టు వేసుకుని కూర్చుందంటే మధ్యాహ్నం అన్నానికి తప్ప లేచేది కాదు.

ఆమెకి అప్పటికి యాభై దాటాయి. పదేళ్ళప్పుడు విస్తళ్ళు కుట్టడానికి ఆ గోడౌనుకి వచ్చింది. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గి, పుల్ల ఆకులోకి కాకుండా వేలిలోకి దిగడం మొదలైంది. అప్పటి షావుకారు, అంటే నగరేశ్వరరావుగారి తండ్రి, ఆమెని బల్ల మీద కూర్చోబెట్టాడు. లెక్కకి ఆమెకి కళ్ళతో పనిలేదు. ఐదేసి విస్తళ్ళు ఒక్కసారిగా తీసేది. దాన్ని ‘చెయ్యి’ అంటారు. తీస్తూ అంచు మీద బొటనవేలు జార్చేది. చిరిగినదుంటే ఆ చప్పుడులోనే తెలిసిపోయేది. ఇరవై చేతులు వంద. వంద అయ్యాక మరో చెయ్యి పైన వేసి అప్పుడు నార బిగించేది. ఆ పై చెయ్యి కొసరు. అది వెయ్యమని ఎవరూ చెప్పరు, వేశావా అని ఎవరూ అడగరు. పొద్దున్న లేచి ముఖం కడుక్కున్నట్టు వేస్తారు, అంతే.

భర్త పోయాడు, పిల్లలు కలగలేదు. కట్టకింత అని వచ్చేదానితో ఒక్కతే బతికేది. బల్ల మీంచి దింపితే మళ్ళీ కుట్టుపనికి పోవాలి. కుట్టలేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, మా అందరికీ తెలుసు.

నేను అప్పుడు హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టర్ని. సాయంత్రాలు గోడౌనుకి వెళ్ళి షావుకారుగారికి ఇంగ్లీషు ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి. విశాఖపట్నంలో కాన్వెంటులో చదివానని, అక్కడ సిస్టర్లు మాకు ఏడు భాషలు నేర్పారని, అందులో జపాన్ భాష ఒకటని ఊళ్ళో చెప్పి ఉన్నాను. కాన్వెంటు సంగతి నిజమే.

ఆ ఏడు మాఘమాసంలో సుగిమోతో అనే జపాన్ ఆయన సాలూరు వచ్చాడు. చీపురుపల్లి వైపు మాంగనీసు రాయి కొనే కంపెనీ మనిషి. లారీలు మాట్లాడుకోవడానికి వచ్చినవాణ్ణి షావుకారుగారు తమ ఇంట్లో పెళ్ళి భోజనానికి కూర్చోబెట్టారు. మిగతా అందరూ విస్తట్లోకి ఏమొస్తుందా అని చూస్తూంటే ఆయన విస్తరినే చూశాడు. వడ్డించకముందే దాన్ని ఎత్తి వెనక్కి తిప్పి, పుల్ల ఎక్కడ దిగి ఎక్కడ తేలిందో వేలితో తడుముతూ పోయాడు. వడ్డన వాళ్ళు పప్పు గరిటె పట్టుకుని ఆయన ముందు అలాగే నిలబడిపోయారు.

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. వాళ్ళ అన్నగారికి జపాన్‌లో వేడినీటి ఊటలుండే ఒక ఊళ్ళో హోటలు ఉందట. ఏటా ఉత్సవానికి జనం విరగబడతారట. పదివేల విస్తళ్ళు కావాలి. కింద ఒక షరతు రాశాడు. సరుకు పది బేళ్ళుగా కట్టాలి. పదింటికీ కలిపి ఒకే చీటీ. ఆ చీటీ మీద అంకెలు వద్దు, జపాన్ అక్షరం ఒకటి చాలు. దాన్ని లెక్కపెట్టిన మనిషే తన చేత్తో రాయాలి. రాయి వ్యవహారంలో ఎవరో కాగితం మీద ఒక సున్నా మింగేస్తే ఆయనకి పెద్ద తగువైందట. అప్పటినుంచి ఆయనకి సున్నాల మీద నమ్మకం పోయింది, లెక్క ఒకరిదీ రాత ఒకరిదీ అయిన సరుకు మీద అసలే లేదు. ఉత్తరంతో పాటు వేరే కాగితం మీద నల్ల సిరాతో, కుంచెతో, అరచేతంత అక్షరం రాసి పంపాడు.

万

‘మాన్’ అంటారట. పదివేలు.

షావుకారుగారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. గుమాస్తా నరసింగరావు ఆయన భుజం మీంచి తొంగిచూశాడు.

“ఇదేటండి, మూడు గీతలు. నాను రాసిచ్చెస్తాను.”

“రాసినోడే లెక్కపెట్టాలంట కదా,” అన్నారు షావుకారుగారు.

“అయితే లెక్కా నానే పెడతాను. కూర్మమ్మత్త నాలుగు రోజులు ఇంటికాడ కూకుంటాది.”

అతను నాలుగు రోజులే అన్నాడు గాని చూపు బల్ల మీద ఉంది. అతని తమ్ముడు పని లేక లారీ షెడ్ల దగ్గర చీట్లాడుతూ గడుపుతున్నాడని ఊరందరికీ తెలుసు.

కూర్మమ్మ బల్ల మీంచే అంది: “ఒరే నరసింగూ, సుట్ట సుట్టుకోడానికి తప్ప నువ్వు ఆకెప్పుడైనా ముట్టావేటిరా?”

“సదువు రానోళ్ళకి మాటలు బాగా వస్తాయి. పలకా బలపం కొనమంటావేటి, అత్తా?”

“కొను. మాయమ్మకి కూడా ఒకటి కొను, పైలోకంలో నేర్సుకుంటాది.”

షావుకారుగారు నవ్వారు గాని మనసులో మాట మార్చుకోలేదు. “కూర్మమ్మా, లారీ ఎనిమిదో రోజున పోతాది. ఆలోగా ఈ అక్షరం నీకు వొస్తే బల్ల నీదే. రాకపోతే నరసింగరావు వాళ్ళకి అప్పగించీవలిసొస్తాది. ఈయన బాగుందంటే ఇలాటి ఆర్డర్లు ఇంకా వస్తాయి. రాయడం రానోళ్ళని బల్ల మీద ఎలా పెట్టుకోను, సెప్పు?”

ఆమె చేతిలో ఉన్న కట్టకి నార బిగించి, ముడి తడిమి చూసుకుని, పక్కన పెట్టింది.

“అలాగే బాబూ,” అంది. నావైపు తిరిగింది. “మేస్టరు బాబు జపాను సదివీసినారు కదా. ఆయనే నేర్పుతారు.”

నేను లేచి చెప్పులు వెతుక్కున్నాను.

మొదటి రెండు రోజులూ నా వల్లే పాడయ్యాయి. పలక తెచ్చాను. బలపం ఆమె వేళ్ళ మధ్య విరిగిపోయేది. విరిగిన ప్రతిసారీ, నా మీద నాకు నమ్మకం కుదరడం కోసం, ఆ అక్షరానికి ఒక కథ చెప్పేవాణ్ణి. పూర్వం జపాన్ రాజు ఒకాయనకి పదివేల ఏనుగులుండేవనీ, వాటిని లెక్కపెట్టలేక మంత్రి కాలు మడుచుకుని కూలబడితే ఆ మంత్రి బొమ్మే ఈ అక్షరమైందనీ చెప్పాను.

“జపానులో ఏనుగులున్నాయేటి, బాబూ?”

“ఉండేవి. లెక్క తేలక విసుగొచ్చి వెళ్ళిపోయాయి.”

“కత సల్లగుంది గాని, ఇది ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపాలో సెప్పండి.”

అది నాకు తెలియదు. కాగితం వంక చూశాను. షెడ్డులో ఎవరో టైరు విప్పుతున్న చప్పుడు విన్నాను. “నాకు జపాన్ భాష రాదు కూర్మమ్మా,” అన్నాను.

“తెలుసు బాబూ. సాలూరులో తెలీనోళ్ళెవరు?” అంది, నన్ను ఓదార్చినట్టు. “ఇలాగివ్వండి ఆ కాయితం.”

ఆమె కాగితాన్ని గోడకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూసింది. దూరపు చూపు ఆమెకి బాగానే ఆనేది. చాలాసేపు చూసింది.

“ముగ్గేసినట్టే ఏసినాడు,” అంది చివరికి. “సూడండి, ఈ కొసని సిరా లావుగా దిగింది, ఆ కొసకెల్లేసరికి సన్నబడిపోనాది. ముగ్గు పోసినా అంతే కదా. సెయ్యి దించిన కాడ పొడి కుప్పపడతాది, ఎత్తిన కాడ పలసబడతాది. పైనున్న అడ్డగీత ఎడంపక్క మొదలెట్టినాడు. ఆ పైని, ఇదిగో, కుడేపుకెల్లి కిందకి మడిసి కొక్కెం తిప్పినాడు. ఆకర్న ఈ వాలుగీత. ఇది మిగతావాటి మీద నుంచి దిగింది, నలుపు ఎక్కువగున్నాది సూడండి.”

నేను చూశాను. నిజమే. ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ ఆ కాగితం నా జేబులోనే ఉంది.

ఆమె గోడౌను మూల నుంచి ముగ్గుపిండి తెచ్చింది. నేల మీద నీళ్ళు చల్లి, చేత్తో సాపు చేసి, కూర్చుని అడిగింది: “సుక్కలెన్ని?”

“దీనికి చుక్కలుండవు.”

“సుక్కల్లేకుండా గీత ఎలాగ పోతాది? దారి తప్పిపోదేటి?”

ఆమె కాసేపు ఆలోచించి తానే పెట్టుకుంది. మూడు వరసలు, వరసకి మూడు చుక్కలు. పై వరస కలిపితే అడ్డగీత. నడిమి వరసలో మధ్యచుక్క నుంచి కుడిచుక్కకి వెళ్ళి, అక్కడ కిందికి మడిచి, కింది వరస కుడిచుక్క దగ్గర లోపలికి కొక్కెం. పై వరస నడిమి చుక్క నుంచి కింది వరస ఎడమచుక్కకి ఒక వాలు. అక్షరం వచ్చేసింది. సుగిమోతోగారిదానికన్నా కొంచెం బొద్దుగా ఉంది, అంతే.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పని అయ్యాక గుమ్మం దగ్గరనుంచి బస్తాల దాకా నేలంతా అవే. విస్తళ్ళు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు అదేం పండగ ముగ్గో అని తొక్కకుండా పక్కనుంచి నడిచేవారు. నేనూ పక్కన కూర్చుని వేసేవాణ్ణి. నావి వంకరగా వచ్చేవి.

“ఇది ఒక్కటే పదివేలేటి?” అని అడిగింది ఒకరోజు. “ఒకటీ, నాలుగు సున్నాలూ ఏటీ అక్కర్నేదా?”

“అక్కర్లేదు. మనం వెయ్యి దాటాక లక్షకి పోతాం. వాళ్ళు పదివేల దగ్గర ఆగి, అక్కణ్ణుంచి మళ్ళీ లెక్క మొదలుపెడతారు.” ఇది ఉత్తరంలోనే రాసి ఉంది, అందుకని ధైర్యంగా చెప్పాను. “లక్షని వాళ్ళు పది పదివేలు అంటారు.”

“అయితే ఆళ్ళకి లచ్చ నేదా?”

“లేదు.”

“పాపం,” అంది కూర్మమ్మ.

ఐదో రోజున లారీల మీద నంబర్లు రాసే లక్ష్ముడి దగ్గర అరిగిన బ్రష్షు ఒకటి తెచ్చాను. నేల మీంచి కాగితం మీదికి రావడం కష్టమైంది. చుక్కలు కాగితం మీద ఉండకూడదు కదా. ఆమె చూపుడువేలితో ఉత్తినే తొమ్మిది చోట్ల తాకి, ఆ తాకిన గుర్తు వేలికి ఉండగానే రాసేది. ఏడో రోజుకి చెయ్యి కుదిరింది. ఈలోగా పగటిపూట సరుకు లెక్కయి, పది బేళ్ళూ గోనెపట్టాల్లో తయారుగా ఉన్నాయి. ఇక చీటీ రాయడమే మిగిలింది. సరుకు చూసుకోవడానికి సుగిమోతోగారే వస్తున్నాడు కాబట్టి ఆయన ముందే రాద్దామని షావుకారుగారన్నారు.

ఎనిమిదో రోజు పొద్దున్న పదింటికి సుగిమోతోగారి జీపు వచ్చింది. అందరికీ వంగి నమస్కారం పెట్టాడు. కూర్మమ్మకి కూడా పెట్టాడు. తర్వాత ఒక బేలు విప్పించి, ఒక కట్ట తీసి, నార కోసి, ఒక్కొక్క విస్తరీ పక్కన పెడుతూ లెక్కపెట్టాడు. ముఖం ముడిచాడు. ఇంకో బేల్లోంచి ఇంకో కట్ట తీశాడు. అదీ లెక్కపెట్టి నావైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు. ప్రతి కట్టలో నూటయిదు ఉన్నాయి.

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

“వందలో నూటయిదు కాక ఇంకెన్నుంటాయి?” అన్నారు షావుకారుగారు నాతో, చిన్నగా.

అప్పుడు తోచింది నాకు. వారం రోజులు ఆ అక్షరం చుట్టూ తిరిగాం. అది పదివేలని ఆమెకి నేనే చెప్పాను. ఏ పదివేలో చెప్పాలని నాకు గాని, షావుకారుగారికి గాని, చదువుకున్న నరసింగరావుకి గాని తట్టలేదు. ఆ బేళ్ళలో పదివేల ఐదువందలున్నాయి.

సుగిమోతోగారు కోపంగా లేడు. కానీ రేవులో ఎవరైనా విప్పి చూస్తే చీటీకీ సరుకుకీ పొంతన ఉండదనీ, అలాంటి సరుకు కదలదనీ మెల్లగా చెప్పాడు.

“సూసినారా?” అన్నాడు నరసింగరావు. “అచ్చరం సరే, లెక్కే తప్పిపోనాది.”

కూర్మమ్మ నన్ను అడిగింది: “బాబూ, ఆ అచ్చరమంటే కొసరుతోనా, కొసరు కాకుండానా?”

“కాకుండా.”

“ముందు సెప్పాలి కదా.”

“నాకు తోచలేదు.”

షావుకారుగారు గోడ గడియారం వైపు చూశారు. “లారీ నాలుగింటికి. నరసింగరావూ, నువ్వు కూకో. మీ తమ్ముణ్ణి కూడా పిలు.”

నరసింగరావు ఒక అడుగు వేశాడు. కూర్మమ్మ బల్ల మీంచి లేవలేదు.

“నాలుగంటే సానా పొద్దున్నాది,” అంది. “జపాను బాబుని బోయినానికి తీసుకెల్లండి, షావుకారు బాబూ. మూడింటికి తీసుకురండి. అప్పటికి తేలకపోతే నానే దిగిపోతాను, మీరు దించక్కర్నేదు.”

నేను భోజనానికి వెళ్ళలేదు. బేళ్ళు విప్పి ఆమెకి కట్టలు అందించాను. ఆమె కట్ట ఒడిలో పెట్టుకుని, నార జార్చి, పైనున్న చెయ్యి ఒక్కటీ తీసి పక్కన పెట్టి, మళ్ళీ బిగించేది. మిగతావి లెక్కపెట్టేది కాదు. “మళ్ళీ చూసుకోవా?” అంటే, “ఎందుకూ?” అంది. ఒక్కో కట్టకీ ఒక నిమిషం పట్టింది. రెండున్నరకి పదో బేలు కుట్టేసి, నీళ్ళు తాగి, మళ్ళీ బల్ల ఎక్కింది.

మూడింటికి వాళ్ళు వచ్చారు. సుగిమోతోగారు తనకి తోచిన పది కట్టలు తీయించి లెక్కపెట్టాడు. పదింటిలోనూ సరిగ్గా వంద. ఆయన తలూపి, చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

షావుకారుగారు చీటీని చూడటం లేదు. బల్ల పక్కన కుప్పగా ఉన్న ఐదువందల విస్తళ్ళని చూస్తున్నారు.

“ఇన్నా?” అన్నారు. “పదివేలకి ఇన్ని పోతన్నాయా?”

“మీ నాన్నగారి కాలం నుంచీ ఏస్తన్నాను, బాబూ.”

“అవి లోపలికి పెట్టించు నరసింగరావూ. రేపు బొబ్బిలి సరుకులో కలుపుదాం.”

కూర్మమ్మ బ్రష్షు చేతిలోకి తీసుకుంది. సిరాలో ముంచింది. మళ్ళీ గిన్నె అంచు మీద ఆనించి పెట్టేసింది.

“అవి కూడా ఎల్తేనే రాస్తాను.”

“ఏటన్నావే?”

“బోడి వందలు నా సేత్తో ఎప్పుడూ పంపనేదు. అచ్చరం అబద్ధమాడకూడదన్నారు, సరే, తీసీసినాను. గాని ఇవి ఎనక్కి ఉండిపోడానికి ఈల్నేదు. లారీ ఎక్కించండి, రాస్తాను. నేదంటే నరసింగుకి ఇచ్చీండి బల్ల.”

నరసింగరావు షావుకారుగారి ముఖం చూశాడు. షావుకారుగారి ముఖం ఎర్రబడింది. అందరూ ఎందుకు ఆగిపోయారని సుగిమోతోగారు నన్ను అడిగాడు. చెప్పాను. ఆ ఐదూ ఎవరి కోసం అని అడిగాడు ఆయన. ఇలాంటి చోట చెప్పడానికి నా దగ్గర చాలా కథలున్నాయి. కానీ ఆమెనే అడిగాను.

“పిలవనోళ్ళ కోసం,” అంది కూర్మమ్మ. “పిలిసినోళ్ళు మాత్రమే వొచ్చిన పెళ్ళి ఎక్కడైనా ఉందేటి? పంక్తిలో ఆకర్న ఎవుడో నిలబడిపోయుంటాడు. ఆడికి ఇస్తరి నేదని ఎవరు సెప్తారు? ఆళ్ళ అన్నగారి హోటేలుకి అలాటోళ్ళు రారేటి?”

ఒక్క మాట కూడా కలపకుండా ఇంగ్లీషులో చెప్పాను. సుగిమోతోగారు కుప్ప దగ్గరికి వెళ్ళి, ఐదు విస్తళ్ళు తీసి, ఆమె చేసినట్టే అంచు మీద బొటనవేలు జార్చాడు. తర్వాత జేబులోంచి కలం తీసి, షావుకారుగారి సరుకు కాగితం మీద చివర ఒక వరస రాశాడు. నమూనాలు, ఐదువందలు, వెల లేదు. నమూనాలు లెక్కలోకి రావు, అమ్మేవాళ్ళు సంతోషంగా ఇస్తారు, అని షావుకారుగారికి మళ్ళీ వంగి నమస్కారం పెట్టాడు. షావుకారుగారు అంత పెద్దమనిషి ముందు కాదనలేక తానూ వంగారు.

కూర్మమ్మ బ్రష్షు తీసుకుంది. ఎడమచేతి చూపుడువేలితో చీటీని తొమ్మిది చోట్ల తాకింది. అడ్డగీత, మడతగీత, వాలుగీత. సుగిమోతోగారు చీటీని గాలికి ఆరబెడుతూ జపాన్ భాషలో ఏదో ఒక్క మాట అన్నాడు.

“ఏటన్నాడయ్యా?” అని షావుకారుగారు నన్ను అడిగారు.

“బాగుందన్నాడు,” అన్నాను. ఆయన ముఖం చూసి చెప్పాను. తప్పయి ఉండదు.

నాలుగింటికి లారీ కదిలింది. పది బేళ్ళూ, వాటి పైన చీటీ లేని ఒక చిన్న బేలూ. నరసింగరావు తన డెస్కు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. షావుకారుగారు మాత్రం గుమ్మంలోనే నిలబడ్డారు. పక్కూరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొత్త విస్తళ్ళు దించుతున్నారు. కూర్మమ్మ చేతికున్న సిరా పమిటకి తుడుచుకుని, మొదటి చెయ్యి తీసింది.

“కూర్మమ్మా, ఇకనుంచి ఆ కొసరు కట్టలో కలపకు,” అన్నారు షావుకారుగారు. “వేరే పెట్టు. ఎంత పోతందో నానోసారి సూసి, అప్పుడు పంపుదాం.”

“సూపించను బాబూ,” అంది ఆమె, లెక్క ఆపకుండానే. “సూస్తే మీకు బెంగొస్తాది.”